ఒకే ధర

మా బజారులో కొట్లు మూతపడుతున్నాయని అందరికంటే ఎక్కువగా బాధపడేది వాటిల్లో ఎన్నడూ ఏమీ కొననివాళ్ళే. నరసరావుపేటలో ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. ఇత్తడి సామాన్ల కొట్టు తీసేసి అక్కడ వేయించిన కోడి ముక్కలు అమ్మే హోటలు పెట్టినప్పుడు, అదే హోటలు డబ్బా చేతిలో పట్టుకుని ఒకావిడ నా దగ్గర నిలబడి, పాత రోజులే వేరు వదినా అని నిట్టూర్చింది. వాళ్ళమ్మాయి పెళ్ళికి బిందెలు ఎక్కడ కొన్నదో నాకు తెలుసు. ఫోన్లో కొన్నది. ఒకటి సొట్టపడి వస్తే వాపసు పంపడం చేతగాక అందులో బియ్యం పోసుకుంటోంది.

గడియారాలు బాగుచేసే చోట ఇప్పుడు కాఫీ మిషను ఉంది. నోటు పుస్తకాలు, పలకలు అమ్మిన చోట హెల్మెట్లు వేలాడుతున్నాయి. ఒకప్పుడు ఊరి పెళ్ళికొడుకులందరికీ సూట్లు కుట్టిన టైలరు, మాల్‌లో కొన్న ప్యాంట్లకు కాళ్ళు కురచ చేసి పెడుతున్నాడు. అదీ కుట్టుపనే కదా, నీకూ పని దొరుకుతోంది కదా అని జనం ఆయనకు ధైర్యం చెబుతున్నారు. ఆయన నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంటాడు కాబట్టి జవాబు చెప్పడు.

మాది బట్టల కొట్టు. మా మామగారు పెట్టారు, మా ఆయన నడిపారు. బజారు కంటే కాస్త ఎత్తులో ఉండేది, మెట్లెక్కి రావాలి. వెనకాలే మా ఇల్లు. లోపల కుర్చీలూ బల్లలూ ఏమీ ఉండవు, గోడ నుంచి గోడ దాకా పరుపు, దాని మీద తెల్ల దుప్పటి. వచ్చినవాళ్ళు మెట్ల దగ్గర చెప్పులు విడిచి పరుపు మీద కూర్చుంటే, మా ఆయన ఎదురుగా కూర్చుని ఒక్కొక్క చీరా విప్పి వాళ్ళ ఒళ్ళో వేసేవారు. మిరపకాయలు అమ్ముడుపోయి చేతికి డబ్బు రాగానే చుట్టుపక్కల పల్లెల నుంచి పెళ్ళి బట్టలకు వచ్చేవాళ్ళు. పొద్దున వస్తే సాయంత్రం బస్సుకే వెళ్ళడం. మధ్యలో మా ఇంటి నుంచి మజ్జిగ వెళ్ళేది. పసిపిల్లలు ఆ పరుపు మీదే నిద్రపోయేవాళ్ళు, ఒక్కోసారి దాన్ని తడిపేవాళ్ళు కూడా. ఉతికేది నేనే కాబట్టి నాకు బాగా గుర్తు.

ఇక బేరం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇప్పటివాళ్ళు బేరమంటే డబ్బు తగ్గించుకోవడం అనుకుంటున్నారు.

మా ఆయన ఒక ధర చెప్పేవారు. అది అబద్ధమని చెప్పినాయనకు తెలుసు, విన్నాయనకూ తెలుసు. విన్నాయన ఆ మాట చెవిన పడనట్టే ముఖం పెట్టి, భార్య వైపు తిరిగి, ఎండెక్కుతోంది ఇక లేవండి అనేవాడు. మగవాళ్ళు లేచేవాళ్ళు. ఆడవాళ్ళు నచ్చిన చీరను ఒకసారి నిమిరి, పక్కన పెట్టినట్టే పెట్టి, ఎవరికీ కనబడకుండా వేరే చీరల కిందికి తోసి లేచేవాళ్ళు. తర్వాత చెప్పులు తొడుక్కుని మెట్లు దిగడం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా అంత నెమ్మదిగా దిగరు. కింది మెట్టు మీదికి వచ్చేసరికి మా ఆయన లోపలి నుంచి, బాబాయ్, ఒక్క మాట విని పో అనాలి. అంతే, మళ్ళీ చెప్పులు విడవడం, మళ్ళీ కూర్చోవడం, మళ్ళీ మజ్జిగ. పెద్ద పెళ్ళయితే ఈ దిగడం ఎక్కడం చాలాసార్లు జరిగేది. కింది మెట్టు దాకా వెళ్ళిన మనిషిని పిలవకుండా వదిలేస్తే, ధర కుదరక పోయాడని ఎవరూ అనుకోరు. అవమానించి పంపారనుకుంటారు.

చివరికి కుదిరే ధర ఇద్దరికీ మొదటి నుంచీ తెలిసిందే. మరి ఇంత తతంగం దేనికని కొత్తలో నాకు ఒళ్ళు మండేది. మా పుట్టింటివాళ్ళు కారంపూడి దగ్గర సేద్యం చేసుకునేవాళ్ళు. మాకు అమ్మడం అంటే బస్తా కాటా మీద పెట్టడమే. పెళ్ళయిన కొత్తలో ఒక మధ్యాహ్నం మా ఆయన అన్నానికి వెళ్తే నేను కొట్లో కూర్చున్నాను. ఒకావిడ తువ్వాలు ధర అడిగింది. ఎందుకొచ్చిన గొడవని అసలు ధర చెప్పేశాను. ఆవిడ తువ్వాలును వెనక్కీ ముందుకీ తిప్పి, వెలుతురులో పెట్టి చూసి, ఏదో లోపం ఉండి ఉంటుందని అక్కడే పడేసి వెళ్ళిపోయింది. ఆ సంగతి విని మా అత్తగారు తల పట్టుకున్నారు. మొదటి మాటకే నిజం చెబితే ఎవరు నమ్ముతారే అన్నారు.

ఈ బేరాల్లో అందరిలోకీ మొండివాడు రొంపిచెర్ల పక్క పల్లె నుంచి వచ్చే ఒక పెద్దాయన. తన పెళ్ళి బట్టలు మా మామగారి దగ్గర కొన్నాడు, పిల్లల పెళ్ళిళ్ళకు మా ఆయన దగ్గర కొన్నాడు. మా ఆయన ఆయన్ని బాబాయ్ అనేవారు, ఆయన అబ్బాయ్ అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. కొన్నంతసేపూ మా ఆయన్ని దొంగ అనేవాడు. మీ నాన్న కాస్త నయం, నువ్వు పట్టపగలే దోస్తున్నావు అనేవాడు. ఒకసారి బేరం తేలక మధ్యాహ్నమైతే మా ఇంట్లోనే అన్నం తిన్నాడు. తిన్నంతసేపూ ధర ఊసెత్తలేదు, పచ్చడి బాగుందని రెండోసారి వేయించుకున్నాడు, చెయ్యి కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంటూ మళ్ళీ, సరే అబ్బాయ్, ఆ పట్టుచీర సంగతి తేల్చు అన్నాడు. ఊరికి వెళ్ళి మాత్రం బట్టలు కొంటే అక్కడే కొనాలని అందరికీ చెప్పేవాడు. ఆయన వచ్చిపోయిన రోజు మా ఆయన చాలా హుషారుగా ఉండేవారు. ఓడిపోయానే ఇవాళ అని నవ్వుతూ చెప్పేవారు. అక్కడ ఆ పెద్దాయన కూడా తన ఇంట్లో అదే మాట చెప్పేవాడట.

మెయిన్ రోడ్డు మీద మాల్ తెరిచిన రోజు ఊరంతా అక్కడే ఉంది. రిబ్బను కత్తిరించడానికి ఒక సినిమా హీరోయిన్ వచ్చింది. ఆవిణ్ణి చూడటానికి మా బజారు వ్యాపారులందరూ కొట్లు మూసుకుని వెళ్ళారు. మిమ్మల్ని మూయించడానికి వచ్చినావిడకు మీరే ముందు మూసి చూపిస్తున్నారా అని నేనన్నాను. మా ఆయన అప్పటికే ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నారు. ఆవిడ చెయ్యి ఊపిందట, ఆ ఊపింది తన వైపేనని మా పక్క కొట్టాయన చాలాకాలం చెప్పుకున్నాడు.

కొన్నాళ్ళకు మా కొట్టు మెట్లెక్కేవాళ్ళు పలచబడ్డారు. ఒకరోజు మా ఆయన చూసొస్తానని మాల్‌కి వెళ్ళారు. వట్టి చేతులతో వస్తే బాగుండదని జేబురుమాలు కొనుక్కుని వచ్చారు, అన్నానికి కూర్చోలేదు. అక్కడ రాజుపాలెం నుంచి మా దగ్గరికొచ్చే కుటుంబం ఎదురైందట. వాళ్ళూ సిగ్గుపడ్డారు, ఈయనా సిగ్గుపడ్డారు, మీరేంది ఇటొచ్చారంటే మీరేంది ఇటొచ్చారని ఒకరినొకరు పలకరించుకున్నారట. మా దగ్గర జాకెట్టు ముక్క కోసం పొద్దు గుంకేదాకా కొట్లాడే ఆ మనిషి, అక్కడ మెడకు టై కట్టుకున్న పిల్లవాడు చెప్పినంత ఇచ్చి, పైగా థాంక్సండీ అన్నాడట. మా ఆయనకు దెబ్బ తగిలింది అక్కడే. జనం మారిపోయారు, జనానికి ఇక బేరాలు వద్దు, ఒకే ధర కావాలి అని తేల్చేశారు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి మా ఆయన. వారం తిరక్కుండానే ఫ్లెక్సీ కట్టించారు. పైన ఒకే ధర అని, కింద బేరములు లేవు అని. ఫ్లెక్సీ వేసినవాడు ఖాళీ ఎందుకని ఒక తెల్లతోలు దొరనీ దొరసానినీ నవ్వుతూ పెట్టాడు. వాళ్ళు మా కొట్లో దొరకని బట్టలే తొడుక్కున్నారు. మా ఆయన కొట్లో ఉన్న ప్రతి చీరకూ పంచెకూ ధర రాసి చీటీ కట్టారు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుందని నేనన్నాను. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ చీటీల మీద రాసిన ధరలు, బేరమాడితే తేలే ధర కంటే తక్కువే. మాల్ కంటే చాలా తక్కువ. నిజాయితీగా రాస్తే జనం చూసుకుంటారని ఆయన నమ్మారు. మొదటి మాటకే నిజం చెబితే ఎవరు నమ్ముతారన్న వాళ్ళమ్మ మాట ఆయనకు గుర్తు రాలేదు.

మరి కూర్చున్నవాళ్ళతో ఏం మాట్లాడతారండీ అని అడిగాను. మాట్లాడే పని లేదు, అదే సుఖం అన్నారు.

ఆ వేసవిలోనే పెద్దాయన మనవరాలి పెళ్ళి కుదిరింది. ట్రాలీ ఆటోలో వచ్చారు. పెద్దాయన, ఆయన భార్య, కోడలు, పెళ్ళికూతురు. ఆటో బజారు మలుపు తిరగ్గానే మా ఆయన లేచి నిలబడ్డారు, నేను మజ్జిగకి లోపలికి పరిగెత్తాను. అందరూ మెట్లెక్కి వచ్చి పరుపు మీద సర్దుకుని కూర్చున్నారు. పెద్దాయన ఫ్లెక్సీ చదవలేదు, చదివినా మనకు కాదనుకుని ఉంటాడు. వానలూ కాలవ నీళ్ళూ మాట్లాడుకున్నాక చీరలు విప్పడం మొదలైంది. ఆయన ఒక చీటీ పట్టుకుని, ఏందబ్బాయ్, చీరలకి తాయెత్తులు కట్టావు అన్నాడు. అందరం నవ్వాం. మా ఆయనా నవ్వారు గాని, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

పెళ్ళికూతురికి ఒక ముదురు ఎరుపు పట్టుచీర నచ్చింది. పెద్దాయన ధర అడిగాడు. మా ఆయన చీటీలో ఉన్నది చెప్పారు. ఆయన అలవాటు ప్రకారం వినబడనట్టు ముఖం పెట్టి, మీ నాన్న కాస్త నయం అని మొదలుపెట్టబోయాడు. మా ఆయన అడ్డుపడి, ఇప్పుడు కొట్లో బేరాలు లేవని, అంతా ఒకే ధరని చెప్పారు. పెద్దాయన అది కొత్త ఎత్తు అనుకున్నాడు. సంతోషంగా ముందుకు జరిగి కూర్చున్నాడు.

"ఒకే ధర ఊళ్ళోవాళ్ళకి. నాకెంతో చెప్పు."

"అందరికీ అంతే బాబాయ్."

ఆ మాట మా ఆయన మర్యాదగానే అన్నారు. పెద్దాయన ముఖంలో రంగు మారడం నేను చూశాను. ఆయన చీరను జాగ్రత్తగా పక్కన పెట్టి, లేవండి పోదాం అన్నాడు. అది రోజూ అనే మాటే కాబట్టి ఆడవాళ్ళు నవ్వుకుంటూ లేచారు. పెళ్ళికూతురు ఆ ఎర్రచీరను మిగతా చీరల కిందికి తోసింది, ఆ పిల్లకు ఆ విద్య ఎవరు నేర్పారో ఏమో. చెప్పులు తొడుక్కుని దిగారు. కింది మెట్టు మీద పెద్దాయన ఆగాడు.

చాలాసేపు ఆగాడు. చెప్పు పట్టీ సర్దుకున్నాడు. కండువా దులిపి మళ్ళీ వేసుకున్నాడు. ఆటో అబ్బాయిని పెట్రోలు ఉందా అని అడిగాడు. లోపల మా ఆయన గజం బద్ద రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. పిలవండి అన్నాను. ఆయన గజం బద్ద మీద అంకెలు చూసుకుంటున్నారు. ఏందండీ, మనిషి ఎండలో నిలబడి ఉన్నాడు, పిలవండి అన్నాను. ఇవాళ పిలిస్తే రేపటి నుంచి ఆ బోర్డుకి విలువేముందే అన్నారు, నా వైపు చూడకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. బోర్డుకు విలువంట. నేనే గడప దాకా వెళ్ళి, మామయ్యా, లోపలికి రండి, మాట్లాడుకుందాం అన్నాను. పెద్దాయన తలెత్తి చూశాడు. కోపం కూడా లేదు ఆ ముఖంలో.

"కొట్టు నీది కాదుగా అమ్మాయ్. వాణ్ణి పిలవమను," అన్నాడు.

వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన చీరలు మడతపెడుతున్నారు. ఆటో కదిలిపోయింది. నేను తెచ్చిన మజ్జిగ గ్లాసులు అలాగే ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి మా ఆయన ముందు పెట్టి, తాగండి అన్నాను. అన్నీ ఆయన చేతే తాగించాను.

వాళ్ళు తిన్నగా మాల్‌కే వెళ్ళారు. అది మాకెలా తెలిసిందంటే, కొన్నాళ్ళకు ఆ ఇంటి కోడలు మా కొట్టుకే వచ్చింది. చీరలన్నీ అక్కడే కొన్నారట గాని, జాకెట్ల లోపల వేసే లైనింగ్ గుడ్డ రంగు కలిసింది అక్కడ దొరకలేదట. ఆ చీరలన్నీ సంచిలో తెచ్చింది. మా ఆయన వాటిని పరుపు మీద పరిచి, ఒక్కొక్క దానికీ రంగు కలిపి గుడ్డ చించి ఇచ్చారు. మా కొట్టుకు మాల్ వదిలిన వ్యాపారం అది. మాట మీద మాట వచ్చి, అక్కడ మీ మామ ఎంత బేరమాడాడేంటని నేను అడిగాను. అసలు నోరే విప్పలేదక్కా, బిల్లు మీద ఉన్నంత ఇచ్చేశాడు అంది. ఎందుకలా ఇచ్చావని ఇంటికొచ్చాక వాళ్ళత్త తగాదా పెట్టుకుంటే, ముక్కూ మొహం తెలవనోళ్ళతో బేరమేంది, వాళ్ళు మనకేమవుతారు అన్నాడట.

మా ఆయన గుడ్డ చింపడం ఆపేశారు. నాకు పెళ్ళయిన కొత్తలో ఒళ్ళు మండించిన ఆ తతంగానికి అర్థం అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళు ఆ బేరంలోనే బతికిన మా ఆయనకూ అప్పుడే తెలిసింది. పరాయివాడికైతే అడిగినంత ఇచ్చి వెళ్ళిపోవచ్చు. కొట్లాడేది మనవాడితోనే. పెద్దాయన తన మనిషి దగ్గరికి కొట్లాడటానికి వస్తే, నువ్వూ అందరిలో ఒకడివేనని మా ఆయన చెప్పి పంపారు.

ఆ సాయంత్రమే ఫ్లెక్సీ దించేశారు. దాన్ని పెరట్లో నీళ్ళ మోటారు మీద కప్పాను. దొరా దొరసానీ వానకు తడుస్తూ నవ్వుతూనే ఉన్నారు. చీటీలన్నీ ఆయనే విప్పేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని అంటారు గాని, ఇక్కడ ఆకులు కూడా దొరకలేదు. బేరాలు లేని కొట్టు అని అప్పటికే ఊళ్ళన్నిటికీ పాకిపోయింది. వచ్చేవాళ్ళు వచ్చేవాళ్ళే, కాని ధర చెప్పగానే మర్యాదగా తలూపి, మళ్ళీ వస్తామండీ అని చకచకా దిగిపోయేవాళ్ళు. మా ఆయన కింది మెట్టు దాకా చూసి పిలుద్దామనుకునేలోపు వాళ్ళు పక్క వీధిలో ఉండేవాళ్ళు. దొంగ అని తిట్టేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. అందరూ ఆయన్ని అండీ అంటుంటే నాకు భయం వేసింది.

పెళ్ళికి శుభలేఖ వచ్చింది, ఫోన్లో. అంతకుముందు ఆ ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిచేవాళ్ళు. ఈసారి అందరికీ పంపినట్టే మాకూ పంపారు. మా ఆయన దాన్ని పెద్దది చేసి, చిన్నది చేసి చూసి, ఫోను పక్కన పెట్టారు. పెళ్ళికి వెళ్ళలేదు.

సంక్రాంతి వెళ్ళాక గుంటూరు నుంచి ఒక మనిషి వచ్చాడు. సెల్‌ఫోన్ల షోరూమ్ పెడతారట, మా కొట్టు అద్దెకు కావాలన్నాడు. వాళ్ళిస్తామన్న అద్దె మా అమ్మకాల మీద మిగిలేదాని కంటే ఎక్కువ. మా మామగారి నాటి నుంచి కష్టపడి తెరిచి నడిపిన కొట్టు, తెరవకుండా ఉంటేనే ఎక్కువ సంపాదిస్తుందని తేలింది. మా ఆయన పరువు కోసం ఇంకాస్త పెంచి చెప్పారు. సరే సార్ అన్నాడు ఆ మనిషి. ఒక్క మాట కూడా పొడిగించలేదు, ఏం మనిషే అని మా ఆయన రాత్రంతా సణిగారు.

ఇవ్వననీ అనలేదు, ఇస్తాననీ అనలేదు. ఉగాది వెళ్ళనీ అన్నారు. తర్వాత మూఢం వెళ్ళనీ అన్నారు. ఆ మనిషి నా నంబరుకు ఫోన్ చేసేవాడు, నేను మా ఆయన్ని అడిగేదాన్ని, ఈయన శ్రావణం రానీ అనేవారు. ఆయన దేని కోసం చూస్తున్నారో నాకు తెలుసు. అమ్మకాల కోసం కాదు. రొంపిచెర్ల పెద్దాయన ఒక్కసారి మెట్లెక్కి రావాలి. వచ్చి దొంగ అని తిట్టాలి, బేరం తేలక దిగిపోవాలి, అప్పుడు తాను లేచి వెళ్ళి పిలవాలి. అది జరిగితే కొట్టు ఉంచుదాం, లేకపోతే లేదు అని నాతో ఒకసారి అననే అన్నారు. వ్యాపారం ఇలా కూడా చేస్తారా అని ఎగతాళి చేశాను గాని, నేను కూడా ఎదురుచూడటం మొదలుపెట్టాను. మధ్యాహ్నం పూట ఆటో చప్పుడైతే ఇద్దరం ఒకేసారి తలెత్తేవాళ్ళం.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం వచ్చాడు. ఆటోలో కాదు, బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు, ఒక్కడే. మెట్లెక్కడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. ఈసారి నిజంగానే మోకాళ్ళ నొప్పులు. మా ఆయన లేవబోయి, మళ్ళీ ఏమనుకున్నారో కూర్చుని, రా బాబాయ్ అన్నారు. పెద్దాయన పరుపు మీద కూర్చుని కండువాతో ముఖం తుడుచుకున్నాడు. నేను మజ్జిగ ఇచ్చాను. మనవరాలు పిడుగురాళ్ళలో బాగుందని చెప్పాడు. వానలు లేవన్నాడు. మా ఆయన ఊఁ కొడుతున్నారు గాని ఆయన కళ్ళు వెలుగుతున్నాయి. చానా రోజులకొచ్చావు బాబాయ్ అంటే, రావాల్సింది, కాళ్ళు సహకరించలా అన్నాడు. జరిగినదాని ఊసు ఎవరూ ఎత్తలేదు.

పంచెల చాపు ఒకటి చూపించు అన్నాడు పెద్దాయన. మా ఆయన అరలో వెనక్కి చెయ్యి పెట్టి, దాచిపెట్టినట్టున్న మంచి చాపు తీశారు. తెల్లగా, సన్నని జరీ అంచుతో. ఆయన ఒళ్ళో వేసి, ధర చెప్పారు.

ఆ ధర విని నాకు పొలమారింది. పట్టుచీర ధర అది. మా ఆయన వంక చూస్తే, ఆయన గడ్డం పైకెత్తి కూర్చున్నారు. ఎందుకంత చెప్పారో నాకు అర్థమైంది. ఎంత పైనుంచి మొదలుపెడితే అంతసేపు దిగుతూ రావచ్చు. సాయంత్రం దాకా సరిపోయే బేరం పెట్టారు. తిట్టడానికి వీలుగా తనను తాను పట్టపగటి దొంగను చేసుకుని ఎదురుగా కూర్చున్నారు. రాత్రికి ఈ ముసలాయన మా ఇంట్లోనే భోంచేస్తాడు, పచ్చడి ఏముందా అని నేను మనసులో చూసుకుంటున్నాను.

పెద్దాయన చాపును వేళ్ళతో తడిమాడు. అంచు చూశాడు. తర్వాత తలెత్తి అరల వైపు చూశాడు. సగం ఖాళీగా ఉన్నాయి. ఖాళీలు కనబడకుండా మేము బట్టలు ఎడంగా సర్దాం, అయినా తెలుస్తూనే ఉంది. ఆయన మా ఆయన ముఖంలోకి చూశాడు. చొక్కా గుండీ విప్పి లోపలి బనీను జేబులోంచి డబ్బు తీసి, మా ఆయన చెప్పినంతా పరుపు మీద పెట్టాడు.

"బాబాయ్, నేను ఎక్కువ చెప్పా," అన్నారు మా ఆయన.

"ఉండనీలే అబ్బాయ్. కొట్టు సరిగ్గా నడవటం లేదంటగా. బస్టాండులో చెప్పారు," అన్నాడు పెద్దాయన.

ఎంతో ప్రేమగా అన్నాడు ఆ మాట. నాకు ఏడుపొచ్చింది. ఒక్క తిట్టు తిట్టు మామయ్యా అని బతిమాలుకోవాలనిపించింది. చాపు చంకన పెట్టుకుని, వస్తానమ్మాయ్ అని నాకు చెప్పి, గోడ పట్టుకుని దిగాడు. కింది మెట్టు దగ్గర ఆగలేదు. మా ఆయన డబ్బు పట్టుకుని వెనకే పరిగెత్తారు. బజారులో నిలబడి ఇద్దరూ ఏదో అనుకోవడం కనబడింది. పెద్దాయన మా ఆయన గుప్పిట తన చేత్తో మూసి, భుజం తట్టి, బస్టాండు వైపు నడిచాడు. ఏదైనా చావు ఇంటికి వెళ్ళినప్పుడు మా వైపు మగవాళ్ళు అలా భుజం తడతారు.

మా ఆయన తిరిగొచ్చి పరుపు మీద కూర్చున్నారు.

"బేరమాడలేదే," అన్నారు.

పోనీలెండి, మంచి మనసుతోనే ఇచ్చాడుగా అన్నాను. ఆయన చేతిలోని డబ్బు పరుపు మీద పెట్టారు. కాసేపటికి, ఆ ఫోన్లాయన నంబరు నీ దగ్గరుందిగా, రమ్మను అన్నారు. శ్రావణం వెళ్ళనీండి, మామయ్య మళ్ళీ వస్తాడు, దసరాకి బట్టలు కావాలిగా వాళ్ళకి అని ఈసారి నేనే అన్నాను.

"వస్తాడు. వచ్చినా ఇక బేరానికి రాడే. పరామర్శకి వస్తాడు," అన్నారు.

నేను లోపలికి వెళ్ళి ఫోన్ చేశాను.